కాపురము మార్చుట

ఒక పట్టణమును విడిచి మఱియొక పట్టణమునకు కాపురము మార్చుట మనవారికి క్రొత్త కాదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, కర్నూలు రాజధాని యైనప్పుడు కచేరీలు కొన్ని గుడారములలో నడచినవి. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధాని యయ్యెను. 2016వ సంవత్సరమున సచివాలయ మచ్చటినుండి వెలగపూడికి తరలెను. ఇట్టి ప్రతి పర్యాయమును ఉద్యోగుల వెంట బిడ్డలును బడి మారవలసి వచ్చును.

పెద్దలు జీతమును, అద్దెను లెక్కింతురు. బిడ్డ పోగొట్టుకొను స్నేహితుని లెక్కింపరు. అయినను క్రొత్త యూరు క్రొత్త చూపు నొసగును. తన పని తాను చేసికొను నలవాటు కలిగించును. ఆ లాభము దక్కుట సగము మన చేతిలోనే యున్నది. సంవత్సరము నడుమ చేరిన యొక బాలుని యాసను విని తరగతి నవ్వగా, అతడు నెలదినములు నోరు మెదపకుండుట మేము చూచితిమి. ఆ నవ్వును వెంటనే వారింపకుండుట మా లోపమే.

తలిదండ్రులారా, ప్రయాణవార్తను బిడ్డలకు ముందుగా తెలుపుడు. వీలైనచో వేసవి సెలవులలో కదలుడు. విద్యార్థులారా, క్రొత్తవానికి బల్లపై చోటిండు. గడచిన పాఠములు వ్రాసికొనుటకు మీ పుస్తకము నిండు. సామాను మోయుటకు బండ్లు దొరకును. మనసు కుదురుటకు మనుష్యులే కావలెను.