కిలోమీటర్లు లెక్కపెట్టాకే షోరూముకు

కారు కొనాలని ఇంట్లో అనుకోగానే మొదట వచ్చే ప్రశ్న 'ఏ కారు?', రెండోది 'ఎంతవుతుంది?'. ఈ రెండింటికంటే ముందు అడగాల్సింది మరొకటుంది. రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం? ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లొచ్చే ఉద్యోగి రోజుకు యాభై కిలోమీటర్లు దాటిపోతాడు. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఇల్లు, గవర్నర్‌పేటలో దుకాణం ఉన్న వ్యాపారి పది కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. ఈ ఇద్దరికీ ఒకే కారు నప్పదు. అయినా ఇద్దరూ ఒకే ప్రకటన చూసి, ఒకే షోరూముకు వెళ్లి, ఒకే బండి బుక్ చేసుకుంటున్నారు. రోజువారీ వాడకానికి నమ్మకమైన, అందుబాటు ధరలో ఉన్న కారు ఏదన్నది కంపెనీ పేరును బట్టి తేలదు. మన తిరుగుడును బట్టి, బండి పదేళ్లలో మన జేబులోంచి తీసే మొత్తాన్ని బట్టి తేలుతుంది. ఈ లెక్క వేయకుండా షోరూములో అడుగు పెట్టకూడదని నా వాదన.

ఇంధనంతోనే మొదలుపెడదాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకుందాం. ఊళ్లో ట్రాఫిక్‌లో చిన్న పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 6 రూపాయల 70 పైసలు, డీజిలు ఖర్చు 4 రూపాయల 80 పైసలు. అంటే కిలోమీటరుకు రూపాయి తొంభై పైసల మిగులు. డీజిలు బండికి లక్షా పది వేలు ఎక్కువ పెట్టి ఉంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి 58 వేల కిలోమీటర్లు నడపాలి. రోజుకు 25 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే మనిషికి అది దాదాపు ఎనిమిదేళ్ల పని. సీఎన్‌జీ కిలో 97 రూపాయలు, కిలోకు 24 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు పడుతుంది. అదనంగా పెట్టిన 95 వేలు 36 వేల కిలోమీటర్లలో తిరిగొస్తాయి. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేవారికి అది రెండేళ్లు. 25 కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు అయిదేళ్లు, పైగా డిక్కీలో సిలిండరు, బంకు దగ్గర వరస, మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష. విద్యుత్ కారుదీ ఇదే తీరు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. కానీ ధర మూడున్నర లక్షలు ఎక్కువైతే, ఏడాదికి 18 వేల కిలోమీటర్లు తిరిగేవారికి నాలుగేళ్లలోపే గిట్టుబాటవుతుంది, ఏడున్నర వేలు తిరిగేవారికి తొమ్మిదేళ్లు పడుతుంది. తెలంగాణలో విద్యుత్ కార్లకు 2026 డిసెంబరు 31 వరకు ఇచ్చిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపు ఈ తేడాను కొంత తగ్గిస్తుంది. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. తక్కువ తిరిగేవారికి మామూలు పెట్రోలు కారే చవక.

తక్కువ దూరాలకు డీజిలు వద్దనడానికి డబ్బొక్కటే కారణం కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఇంజిను బాగా వేడెక్కి కొంతసేపు ఏకబిగిన నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగి, మళ్లీ రెండు కిలోమీటర్లు వెళ్లే బండిలో మసి పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. బాగు చేయించాలంటే ఖర్చు పెద్దదే. ఆ బండి హైవే మీద గట్టిదే, పిల్లల్ని బడికి దింపే పనికి మాత్రం పనికిరాదు. బండి మన్నిక వాడకంతో ముడిపడి ఉంటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. బాగు చేయించుకునే వసతి కూడా అంతే ముఖ్యం, మారుతి 800 సంగతి చూడండి. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైంది. దాని ఇంజినులో గొప్ప మహిమేమీ లేదు. ఏ మండల కేంద్రంలోని షెడ్డులోనైనా విప్పి బిగించగల మెకానిక్ ఉండేవాడు, ఏ స్పేర్ పార్టుల దుకాణంలో అడిగినా సామాను దొరికేది. ఇవాళ కూడా కొనబోయే కారు గురించి ముందుగా వాకబు చేయాల్సింది ఇదే. అధీకృత సర్వీసు సెంటరు మన ఊళ్లో ఉందా, ముందు బంపరు పగిలితే ఎన్ని రోజుల్లో వస్తుంది, క్లచ్ ప్లేటు మార్చడానికి ఎంతవుతుంది? ఈ ప్రశ్నలకు షోరూములో కంటే, అదే కారును అయిదేళ్లుగా నడుపుతున్న ట్యాక్సీ డ్రైవరు దగ్గర సూటైన జవాబు దొరుకుతుంది.

ఇక ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిను లేదా 1500 సీసీ లోపు డీజిలు ఇంజిను ఉన్న కార్లు ఈ కోవలోకి వస్తాయి. అంతకుముందు 28 శాతం పన్ను, దానిపైన సెస్సు ఉండేవి. మధ్యతరగతికి ఇది నిజమైన ఊరట. అయితే తగ్గిన డబ్బుతో పై మోడల్‌కు వెళ్లమని షోరూములో చెప్పే మాట వింటే ఆ ఊరట అక్కడే ఆవిరైపోతుంది. సన్‌రూఫ్‌కూ పెద్ద స్క్రీనుకూ పెట్టే ప్రతి రూపాయి మీదా లైఫ్ ట్యాక్స్ ఉంది, బీమా ఉంది, వడ్డీ ఉంది. ఎనిమిది లక్షల అప్పు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే వాయిదా దాదాపు 16,600 రూపాయలు, మొత్తం వడ్డీ లక్షా తొంభై ఆరు వేలు. ఏడేళ్లకు తీసుకుంటే వాయిదా 12,900కు దిగుతుంది, వడ్డీ మాత్రం రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. వాయిదా తగ్గింది కదా అని పై మోడల్ తీసుకున్నవారు పాతబడిన బండికి ఆరో ఏడూ, ఏడో ఏడూ కూడా కిస్తీలు కడుతూనే ఉంటారు. అయిదేళ్లలో తీర్చలేని అప్పుతో కొనే కారు మన స్థాయికి మించిన కారు.

చిన్న కారు, తక్కువ మోడల్ అంటే ప్రాణానికి రక్షణ ఏదీ అని చాలామంది అడుగుతారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో మారుతి స్విఫ్ట్‌కు వచ్చింది అయిదింటిలో ఒక్క నక్షత్రమే. కానీ అదే కంపెనీ కొత్త డిజైర్ 2024లో పెద్దల రక్షణలో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. టాటా నెక్సాన్ 2018లోనే, పంచ్ 2021లో అయిదేసి సంపాదించాయి. ఇవన్నీ నాలుగు మీటర్ల లోపు కార్లే. తేడా పొడవులో లేదు, బాడీని ఎంత గట్టిగా కట్టారన్నదానిలో ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి మనకే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఉంది కాబట్టి ఆ ఫలితం చూడకుండా కొత్త కారు కొనడానికి ఇక సాకు లేదు. అలంకారాల మీద ఆదా చేయమంటున్నాను, రక్షణ మీద కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు ఆయన ఖరీదైన పెద్ద కారులోనే ఉన్నారు, వెనక సీటులో, బెల్టు లేకుండా. వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మోకాళ్లు అరిగిపోతున్నాయి, ఆటోమేటిక్ విలాసం కాదు అనేవారితో నాకు పేచీ లేదు. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపేవారు దానికి డబ్బు పెట్టడం సబబే, వారంటీ పొడిగించుకుంటే చాలు. ఏడాదికోసారి అందరం కలిసి తిరుపతి వెళ్లాలి కాబట్టి ఏడు సీట్ల బండి కావాలన్న వాదన మాత్రం లెక్కకు నిలవదు. ఆ మూడు రోజులకు ఇన్నోవా అద్దెకు తీసుకోవచ్చు. మిగతా 362 రోజులు ఖాళీ సీట్లను మోయడానికి పెట్రోలు పోయక్కర్లేదు.

బడ్జెట్ మరీ బిగుతుగా ఉన్నవారికి సెకండ్ హ్యాండ్ కారును సిగ్గుపడకుండా సిఫారసు చేస్తాను. బీమా లెక్కల్లోనే కారు విలువ మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గిపోతుంది. ఆ తరుగుదల మొదటి యజమాని భరించాడు, బండిలో ఇంకా పదేళ్ల జీవం ఉంది. 'ఎవరి తలనొప్పో మనం కొనుక్కోవడమే కదా' అంటారు. చూసుకోకపోతే అంతే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటివి కడిగి, పాలిష్ పట్టి అమ్మకానికి పెడితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి మరక ఉందేమో చూడాలి. కార్పెట్టు ఎత్తి వాసన చూడాలి, సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయేమో గమనించాలి. మీటరు రీడింగును సర్వీసు రికార్డుతో పోల్చాలి. 2023కు ముందు తయారైన బండ్లలో చాలావాటిని ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తయారు చేయలేదు కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుందని లెక్కలో వేసుకోవాలి. కొనేముందు తెలిసిన మెకానిక్‌కు నాలుగు డబ్బులిచ్చి బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చూపించండి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి. అన్నీ కుదిరాక పాత చలాన్లు, బ్యాంకు హైపోథికేషను తీరాయో లేదో చూసుకోండి. ఆర్‌సి మీ పేరుకు మారేదాకా కొంత సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి. బీమాను మీ పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేయడం మరచిపోకండి.