నీళ్ళు తాగమని ఎవరికి చెబుతున్నారు జనాబ్?

ఉద్దానంలో ఒక ఊరు. పేరెందుకులెండి. బడి ఆవరణలో షామియానా వేసి 'ఆరోగ్యకరమైన జీవనశైలి' మీద అవగాహన సదస్సు పెట్టారు. గోడకి చార్టు. చార్టు మీద ఆకుకూరలు, పళ్ళు, బూట్లు తొడుక్కుని పరిగెత్తే మనిషి బొమ్మ. మైకు పట్టుకున్న పెద్దాయన నసీహత్ మొదలుపెట్టారు. రోజూ అరగంట నడవండి. నీళ్ళు బాగా తాగండి. ఉప్పు తగ్గించండి. నొప్పి బిళ్ళలు మింగకండి.

ముందు వరసలో కూర్చున్న మనిషి తెల్లారకముందే లేచి కొబ్బరి చెట్లెక్కి దిగి వచ్చాడు. అతన్ని అరగంట నడవమంటున్నారు!

అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం గుస్సా వచ్చింది. ఎందుకంటే ఆ తకరీర్ అంతా విన్నాక మిగిలేది ఒక్కటే మాట: మీకు జబ్బు వచ్చిందంటే కసూర్ మీదే. మీరు సరిగ్గా తాగలేదు, సరిగ్గా తినలేదు, చెప్పింది వినలేదు.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల పేర్లు చెబితే ఒకప్పుడు కొబ్బరి, జీడి, పనస గుర్తొచ్చేవి. ఇప్పుడు కిడ్నీ గుర్తొస్తుంది. డాక్టర్ టి. రవిరాజు లాంటి నెఫ్రాలజిస్టులు ఏళ్ళ తరబడి ఈ మాట చెబుతూ వచ్చారు. 2019లో అచ్చయిన ఒక సర్వేలో ఇక్కడ రెండు వేల పైచిలుకు మందిని పరీక్షిస్తే వందకి 18 మందికి కిడ్నీ జబ్బు తేలింది. వాళ్ళలో ఎక్కువమందికి అది ఎందుకొచ్చిందో తెలియదు. నీళ్ళలో సిలికా అన్నారు, లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. పెద్ద పెద్ద ఆలిములకే తెలియని సంగతి. మరి మైకు ముందు నిలబడ్డ సాహెబ్‌కి ఇల్జామ్ ఎవరి మీద వెయ్యాలో అంత ఖాయంగా ఎలా తెలిసిపోయింది?

ఇంకో సంగతి వినండి. ఆ రోజు సదస్సులో బీపీ చూశారు, వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు. రెండూ బాగున్నవాళ్ళకి "నీకేం లేదు, వెళ్ళు" అన్నారు. ఉద్దానం మర్జ్ సంగతే అది కదా! చాలామందికి షుగర్ ఉండదు, మొదట్లో బీపీ కూడా ఉండదు. మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు, పుల్ల ముంచి చూసే పరీక్షలో దొరకదు. కిడ్నీలు సగం పైన పోయేదాకా మనిషికి నొప్పి తెలియదు. ఇంత ఖామోష్ జబ్బుని పట్టుకోవాలంటే రక్తంలో క్రియాటినిన్ చూడాలి. అది చూడకుండా "బాగున్నావు" అని ఇంటికి పంపడం సదస్సు పెట్టకపోవడం కన్నా ఘోరం. పెట్టకపోతే కనీసం అతని మనసులో షక్ మిగిలి ఉండేది.

నేను జీవనశైలి బోధనకి దుష్మన్‌ని కాదు. మా మొహల్లాకి వచ్చి చెప్పండి, తలవంచి వింటాను. మా ఇంట్లోనే ఇద్దరికి షుగర్. దావత్ అంటే చాలు, ముందు బిర్యానీ, వెనక డబల్‌కా మీఠా, ఆ తర్వాత చాయ్‌లో మూడు చెంచాల పంచదార. ఇషా నమాజ్ అయ్యాక తిని అక్కడే పడుకుంటాం. అది ఆదత్. ఆదత్‌ని మార్చుకోమని అడగొచ్చు, అడిగినవాడికి శుక్రియా చెప్పాలి. కానీ మజ్దూర్ ఎండలో నీళ్ళు లేకుండా పని చెయ్యడం ఆదత్ కాదు, మజ్బూరీ. ఈ రెంటికీ ఒకే చార్టు ఎలా సరిపోతుంది?

నొప్పి బిళ్ళల సంగతే చూడండి. అవి కిడ్నీని తింటాయి, నిజం. కానీ సాయంత్రానికి నడుము విరిగిపోయి, పొద్దున్నే మళ్ళీ పనికి వెళ్ళకపోతే కూలి పోయేవాడు ఏం చేస్తాడు? మందుల షాపులో చీటీ లేకుండా బిళ్ళ ఇస్తారు, ఆర్ఎంపీ దగ్గరకెళితే సూది వేస్తాడు. ఆ షాపువాణ్ణి, ఆ ఆర్ఎంపీని ఏ సదస్సులోనూ ముందు వరసలో కూర్చోబెట్టినట్టు నేను చూడలేదు. కొన్నవాడికే నసీహత్, అమ్మినవాడికి సలాం.

మీటింగ్ అయ్యాక జీడిగింజలు కొట్టే పనికి వెళ్ళే ఒకావిడ నాతో అంది: "నీలు తాగమంతారు సాయిబు గారూ. తాగితే మరి ఒంటికెల్డానికి సోటేది? పొద్దల్లా ఆపుకొని కూకోవాల. ఆ మాట మాకు కాదు, మా సావుకారికి సెప్పండి."

ఇంతకన్నా ఇల్మ్ ఉన్న మాట ఆ షామియానా కింద ఎవరూ మాట్లాడలేదు. పనిచేసే చోట తాగేనీళ్ళు పెట్టాలని, ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి కట్టాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే రాసింది. ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్లో తాగునీరు, విశ్రాంతికి నీడ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె అని అక్షరం అక్షరం రాశారు. అంటే ఆవిడ అడుగుతున్నది ఖైరాత్ కాదు, హక్. అవగాహన కల్పించాలంటే ఈ అవగాహన కల్పించండి. చార్టు మీద బూట్ల మనిషి బొమ్మ తీసేసి ఆ రెండు వాక్యాలు పెద్ద అక్షరాల్లో రాయండి.

నీడ అంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. అందరం నష్టాన్ని రూపాయల్లో లెక్కపెట్టాం. చెట్టుతో పాటు సాయా కూడా పోయిందని, తోటలో పనిచేసే మనిషి నెత్తి మీద ఎండ పెరిగిందని ఎవరైనా లెక్కపెట్టారా?

ఇది ఒక్క మన గోల కాదు. శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ వైపు వరి రైతులకి ఇలాంటి జబ్బే. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకీ ఇలాంటిదే. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు చెరకు నరికేవాళ్ళకి నీళ్ళు, విశ్రాంతి, నీడ మూడూ పని గంటల్లోనే గట్టిగా అమలు చేసింది. కిడ్నీ దెబ్బతిన్న కేసులు తగ్గాయి. అక్కడ మారింది కూలీ బుద్ధి కాదు, మేస్త్రీ టైంటేబులు.

ఇక్కడ సర్కార్ అసలేమీ చెయ్యలేదని అనను, అంటే అబద్ధం అవుతుంది. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రెండూ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. అంతకుముందు విశాఖ దాకా పరుగెత్తిన మరీజులకి పలాసలో ఒక ఆస్పత్రి ఉండడం చిన్న సంగతి కాదు. కానీ ఇంటి కుళాయిలో నీళ్ళొస్తే జీడి కార్ఖానాలో కూర్చున్న ఆడమనిషి దాహం ఎలా తీరుతుంది? ఆస్పత్రి ఉన్నా క్రియాటినిన్ చూపించుకోడానికి ఒకరోజు కూలి పోగొట్టుకోవాలంటే ఎవరు వెళతారు? పరీక్షే పని దగ్గరకి రావాలి. తేలిన అంకె అతని చేతిలో కాగితం మీద ఉండాలి. ఏడాదికోసారి మళ్ళీ చూసి, పాత అంకె పక్కన కొత్త అంకె రాయాలి. చదువు రాకపోయినా ఫరవాలేదు, అంకె పెరిగిందా లేదా మజ్దూరుకి తెలుస్తుంది. కూలి లెక్క తెలిసినవాడికి ఆ మాత్రం తెలియదా?

మా వాళ్ళు ముహర్రంలో సబీల్ పెడతారు. సబీల్ దగ్గర నిలబడ్డవాడు దాహం వేసినవాడికి నీళ్ళ ఫాయిదాల మీద తకరీర్ ఇవ్వడు. గ్లాసు అందిస్తాడు.

వచ్చే సదస్సు ఎప్పుడో నాకు ఖబర్ చెయ్యండి. జీడి షావుకార్లని, మేస్త్రీలని, మందుల షాపులవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టే సదస్సయితే కుర్చీలు నేను మోస్తాను. మైకు మాత్రం ఆవిడకివ్వండి.