కడ్డీ మీద చేతులు ఎక్కడ పెట్టాలి?



ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న అబ్బాయిలు భుజం నొప్పితో మా ఓపీకి వస్తుంటారు. "ఏం చేశావు బాబూ?" అని అడిగితే "పుల్-అప్స్ సిస్టర్‌గారూ" అంటారు. కడ్డీని ఎలా పట్టుకున్నావో చూపించమంటే రెండు చేతులూ బార్లా చాపుతారు. ఎంత వెడల్పుగా పట్టుకుంటే వీపు అంత విశాలమవుతుందని ఎవరో చెప్పారట. ఆ మాటతో నేను ఏకీభవించను.

వాళ్ల తొందర నాకు తెలుసు. ర్యాలీలో బీమ్ మీద 10 సార్లు లేస్తే 40 మార్కులు, 6 సార్లే లేస్తే 16 మార్కులు. అయితే చేతులు మరీ దూరంగా పెడితే లేవడమే కష్టమవుతుంది, లెక్క తగ్గుతుంది. పైగా భుజానికి ముప్పు. భుజం కీలు అంటే లోతు లేని గిన్నెలో కూర్చున్న బంతి లాంటిది. దానికి పైకప్పులా ఒక ఎముక ఉంటుంది. ఆ రెండింటి సందులోంచి కండరాల నరాల్లాంటి పోగులు వెళతాయి. వాటినే టెండాన్లు అంటారు. చేతులు బాగా ఎడంగా చాపి బరువంతా లాగితే అవి ఆ సందులో నలిగి వాచే ప్రమాదం ఎక్కువ. కడ్డీని మెడ వెనక్కి తెచ్చుకోవడం కూడా మంచిది కాదు.

మరి ఎక్కడ పట్టుకోవాలి? కడ్డీ కింద నిలబడి రెండు చేతులూ తిన్నగా పైకెత్తండి. అక్కడి నుండి ఒక్కో చేతినీ బెత్తెడు బయటికి జరపండి. చాలామందికి అదే సరైన చోటు. బొటనవేలిని కడ్డీ చుట్టూ తిప్పి పట్టుకోండి. కడ్డీ అరచేతి మధ్యలో కాక వేళ్ల మొదట్లో ఆనాలి. లేకపోతే చర్మం మడతపడి బొబ్బలు లేస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు అరచేతులు తమ వైపు ఉండేలా పట్టుకుంటే ముంజేతిని మడిచే కండరం ఎక్కువ సాయపడుతుంది, లేవడం కాస్త తేలిక. బలం వచ్చాక అరచేతులు అవతలి వైపుకు తిప్పి అలవాటు చేసుకోవచ్చు. ర్యాలీలో మాత్రం అక్కడి అధికారులు చెప్పినట్టే పట్టుకోవాలి. ఊపుతో ఎగరవద్దు. దిగేటప్పుడు ధబాలున వేలాడవద్దు, నెమ్మదిగా దిగండి. కడ్డీ గట్టిగా బిగించి ఉందో లేదో ముందే చూసుకోండి.

కండరాలు ఒకటి రెండు రోజులు సలపడం మామూలే. కానీ ఆ వైపు పడుకుంటే నిద్ర పట్టకపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా సాధన ఆపి డాక్టర్‌గారికి చూపించండి. నొప్పి మాత్ర మింగి మళ్లీ కడ్డీ ఎక్కడం ధైర్యం కాదు. దెబ్బను దాచిపెట్టడమే అది.

తల్లిదండ్రులకు నాదొక మనవి. పిల్లవాడు భుజం నొప్పి అంటే బద్ధకానికి సాకు అనుకోకండి. ర్యాలీకి నెల ముందు భుజం దెబ్బతింటే ఆ ఏడాది కష్టమంతా వృథా. వయోపరిమితి దగ్గర పడిన కుర్రాడికైతే మరో అవకాశం ఉండకపోవచ్చు. కడ్డీ మీద చేతులు ఒక జానెడు దగ్గరికి జరపడానికి ఖర్చేమీ లేదు. ఈ సాయంత్రమే మీ అబ్బాయి ఎలా పట్టుకుంటున్నాడో ఒకసారి వెళ్లి చూడండి.