ఏడో రౌండు నారుకు నీరెవరు పోస్తారు?

ఏటా ఏప్రిల్ నెలాఖరులో అమెరికాలో అక్కడి ఫుట్‌బాల్ లీగైన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మూడు రోజులు జరుగుతుంది. కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్లను 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా పంచుకుంటాయి. మొదటి రోజంతా మొదటి రౌండుకే సరిపోతుంది. కొత్త సూటు వేసుకున్న కుర్రాడు వేదికెక్కి కమిషనర్‌ను కౌగిలించుకుంటాడు, తల్లి కళ్లు తుడుచుకుంటుంది, కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. మూడో రోజు శనివారం. నాలుగు నుంచి ఏడు దాకా రౌండ్లన్నీ ఒక్క ఊపున లాగించేస్తారు. అప్పటికి టీవీ ముందు మిగిలేది వీరాభిమానులే. ఆ సాయంత్రం ఎవరో ఆరున్నర అడుగుల, 140 కిలోల అబ్బాయి పేరు చదువుతారు. అఫెన్సివ్ ట్యాకిల్ అట, ఇంకా ముడిసరుకే అట, రెండేళ్లలో తయారవుతాడట. ఆ రెండేళ్లూ అతణ్ణి ఎవరు తయారుచేస్తారు, ఏ వేళలో తయారుచేస్తారు అని మాత్రం ఎవరూ అడగరు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు ముందు ఐదుగురు వరసగా నిలబడతారు. నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిళ్లు. ఇదే అఫెన్సివ్ లైన్. ఎదుటివాళ్లు క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా ఆ రెండు మూడు సెకన్లు ఆపడం, బంతితో పరుగెత్తేవాడికి దారి తెరవడం వీళ్ల పని. స్కోరుబోర్డులో వీళ్ల లెక్కలేమీ ఉండవు. తప్పు చేసి పసుపు జెండా పడినప్పుడే వీళ్ల నంబరు మైకులో వినపడుతుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం ఉంది, ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలూ బోలెడు. అక్కడ పెరుగుతున్న మన పిల్లల్లో గార్డు జెర్సీ కొనిపెట్టమని మారాం చేసేవాడు ఉంటే వాణ్ణి చూడాలనుంది నాకు.

ఆఖరి రౌండ్ల లైన్‌మన్ ప్రస్తావన వస్తే అందరూ చెప్పే కథ జోర్డన్ మైలాటాది. సిడ్నీలో సమోవా మూలాలున్న ఇంట్లో పుట్టాడు. సౌత్ సిడ్నీ రాబిటోస్ కుర్రాళ్ల జట్టుకు రగ్బీ లీగ్ ఆడాడు. విదేశీ క్రీడాకారుల కోసం ఎన్ఎఫ్ఎల్ నడిపే శిక్షణ పథకం కింద ఫ్లోరిడా చేరాడు. 2018లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఏడో రౌండులో, 233వ స్థానంలో అతణ్ణి తీసుకునేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడి ఎరగడు. 2021లో ఆ జట్టుకు ఎడమ ట్యాకిల్ అయ్యాడు, నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్నాడు. 2025 ఫిబ్రవరిలో లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ గెలిచాడు.

కథ నిజమే. దాన్ని చెప్పే తీరుతోనే నాకు పేచీ. వజ్రాన్ని గుర్తుపట్టిన స్కౌట్ల కంటికి దండలు వేసి ఊరుకుంటారు. అసలు ఖర్చు ఆ తరవాతే మొదలైంది. 2018లో మైలాటా ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. 2019 వెన్ను గాయంతో పోయింది. ఈ రెండేళ్లూ ఈగల్స్ అతణ్ణి వదులుకోలేదు. సీజన్‌లో జట్టుకు ఉండేవి 53 చోట్లే. డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాణ్ణి వాటిలోంచి తప్పించి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే 53కు బయటి సాధన బృందంలో, దాచుకోవాలంటే ముందు అతణ్ణి వదిలెయ్యాలి. అప్పుడు తక్కిన 31 జట్లలో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. అందుకే ఆడలేని మనిషి కోసం ఈగల్స్ 53లో ఒక చోటు బిగబట్టుకుంది. అంతకు ముందు ఫిబ్రవరిలోనే సూపర్ బౌల్ గెలిచిన జట్టు కాబట్టి ఆ పాటి తీరిక ఉంది. అయినా 2020 అక్టోబరులో అతనికి తొలిసారి మొదటి నుంచీ ఆడే అవకాశం దొరికింది అదృష్టం వల్లే. అనుభవజ్ఞుడు జేసన్ పీటర్స్ గాయపడ్డాడు. ఆ స్థానం కోసమే 2019 మొదటి రౌండులో తెచ్చుకున్న ఆండ్రే డిల్లార్డ్ కండరం చిరిగి ఆ ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు.

ఈ కథలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఆదివారం రాత్రి ప్రసారాల్లో ఆటగాళ్లు తమ పేరూ చదివిన కాలేజీ పేరూ చెప్పుకుంటారు. కాలేజీ గడప తొక్కని మైలాటా తనది జెఫ్ స్టౌట్‌ల్యాండ్ యూనివర్సిటీ అన్నాడు. 2013లో ఈగల్స్ లైన్ కోచ్‌గా చేరినాయన పేరు అది. అభిమానులు నవ్వుకున్నారు. నాకది నవ్వులాట అనిపించలేదు.

కోచ్ చేయి ఎంత పని చేస్తుందో చూపడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో ఉంది. 2016 జనవరిలో డెన్వర్‌లో జరిగిన ఏఎఫ్‌సీ ఫైనల్లో, అంటే సూపర్ బౌల్‌కు ముందు మెట్టులో, పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి నిలదొక్కుకుని బంతి విసిరే వీలే చిక్కలేదు. డెన్వర్ బ్రాంకోస్ ఆటగాడు వాన్ మిల్లర్ ఒక్కడే రెండున్నర శాక్‌లు చేశాడు, అంటే బంతి విసరకముందే బ్రేడీని పడగొట్టాడు. కుడి చివర అతణ్ణి ఆపలేక తిట్లు తిన్నది మార్కస్ కానన్, 2011 అయిదో రౌండు ఆటగాడు. ఓడాక లైన్ కోచ్‌ను పంపేశారు. 2013 సీజన్ తరవాత ఇంటిపట్టున ఉంటున్న, ఏడు పదులకు దగ్గరపడిన డాంటే స్కార్నెక్కియాను వెనక్కి పిలిచారు. ఆ ఏడాదే కానన్ లీగ్ మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్-ప్రో రెండో జట్టులో చోటు సంపాదించాడు. సెంటర్ డేవిడ్ ఆండ్రూస్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. కుడి గార్డు షాక్ మేసన్ నాలుగో రౌండు. జార్జియా టెక్‌లో అతను ఆడిన పద్ధతిలో బంతి విసరడమే తక్కువ, కాబట్టి క్వార్టర్‌బ్యాక్‌ను కాచే విద్య చాలావరకు ఇక్కడికొచ్చాకే నేర్చుకోవలసి వచ్చింది. ఈ ముగ్గురూ ఉన్న లైన్ వెనక నిలబడే 2017 ఫిబ్రవరిలో బ్రేడీ 28-3తో వెనకబడిన సూపర్ బౌల్‌ను 34-28తో గెలిచాడు. మార్పంతా కోచ్ పుణ్యమే అనను. ఎడమ ట్యాకిల్ నేట్ సోల్డర్ గాయం మాని తిరిగొచ్చాడు, జో థూనీ అనే కొత్త గార్డు దొరికాడు. కానీ కానన్ పాతవాడే. అప్పటికి అయిదేళ్లుగా ఆ జట్టులోనే ఉన్నాడు.

ఆఖరి రౌండ్లలో దొరికిన ప్రతి గొప్ప లైన్‌మన్నూ తీర్చిదిద్దిన ఘనత కింద జమకట్టడం ఇంకో పొరపాటు. జేసన్ కెల్సీ 2011లో ఆరో రౌండు, 191వ స్థానం. ఆరుసార్లు ఆల్-ప్రో మొదటి జట్టులో నిలిచి 2024 మార్చిలో రిటైరయ్యాడు. సిన్సినాటి యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండా, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌గా చేరినవాడు కాబట్టి కథ రసవత్తరంగానే ఉంటుంది. కానీ అతను మొదటి సీజన్ మొదటి మ్యాచ్ నుంచే సెంటర్‌గా ఆడాడు. సెంటర్‌కు తూకం చాలదని అందరూ పక్కనపెట్టారు. చురుకైన చిన్న మనుషులనే కోరుకునే హోవార్డ్ మడ్ ఆ ఏడాది ఈగల్స్ లైన్ కోచ్‌గా ఉన్నాడు. అక్కడ ఇమిడిపోయాడు. కాన్సస్ సిటీ చీఫ్స్ గార్డు ట్రే స్మిత్‌ది మరో దారి. ప్రతిభకు లోటు లేదు. కాలేజీ రోజుల్లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర చూసి జట్లు జంకితే 2021 ఆరో రౌండు దాకా, 226వ స్థానం దాకా జారాడు. చీఫ్స్ అతణ్ణి మొదటి ఏడాది నుంచే ఆడించింది. 2025లో నాలుగేళ్లకు 9.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. కానన్ అయిదో రౌండు దాకా మిగిలిందీ డ్రాఫ్ట్ ముందు బయటపడిన లింఫోమా వల్లే. ఒకరిది కొలత చాలకపోవడం, ఇద్దరిది వైద్యుల నివేదిక. మైలాటాలా ఏమీ రాని స్థితి నుంచి మొదలుపెట్టినవాణ్ణి వీళ్లతో కలిపి లెక్కేస్తే ‘తయారుచేయడం’ సులువనిపిస్తుంది. అలా మొదలుపెట్టి రెండేళ్లకే లీగ్‌లోంచి జారిపోయినవాళ్లు ఎందరో. వాళ్ల మీద డాక్యుమెంటరీలు తీయరు.

ఎందుకు జారిపోతారో చూడాలంటే వాళ్ల వారం ఎలా గడుస్తుందో చూడాలి. ప్రాక్టీస్ స్క్వాడ్ కుర్రాడికి స్కౌట్ టీం పని అప్పజెబుతారు. అంటే వచ్చే ఆదివారం ఎదురయ్యే జట్టులా నటించడం. కోచ్ అట్ట మీద గీసి చూపిన ప్రత్యర్థి ప్లేలను తన సొంత జట్టు డిఫెన్స్ మీద ఆడి చూపించాలి. ఈ వారం డెట్రాయిట్ అడుగులు, వచ్చే వారం సియాటిల్ అడుగులు. తన జట్టు పద్ధతిలో పాదం ఎక్కడ వేయాలి, చేతులు ఎప్పుడు విసరాలి అన్నది సాధన చేయడానికి మిగిలేది ప్రాక్టీసు ముగిశాక దొరికే కాస్త సమయమే. నేర్పడం కోసం ఉంచుకున్నామని చెప్పే మనిషికి నేర్చుకునే వేళ అందరికన్నా తక్కువ.

దానికి తోడు 2011 కార్మిక ఒప్పందం. సీజన్ మొత్తంలో ప్యాడ్లు వేసుకుని చేసే ప్రాక్టీసులు 14కు మించరాదన్నది అందులో నిబంధన. 2021లో సీజన్ ముందరి మ్యాచ్‌లూ నాలుగు నుంచి మూడుకు తగ్గాయి. పరుగు, పాస్ పట్టడం నిక్కర్లలోనూ నేర్చుకోవచ్చు. 130 కిలోల మనిషి ఛాతీ మీదికి దూకితే నడుము దించి ఆపడం ఒళ్లూ ఒళ్లూ తగిలితే తప్ప రాదు. కాలేజీలు పంపే సరుకు కూడా మారింది. అక్కడ చాలా జట్లలో లైన్‌మన్ చేయి నేలకు ఆనించి కూర్చోకుండానే ఏళ్లు గడిపేస్తున్నాడు. బంతి క్షణంలో చేతిలోంచి వెళ్లిపోతుంది కాబట్టి ఎక్కువసేపు కాచే పనీ పడదు. ఇక్కడికొచ్చాక అక్షరాభ్యాసం మళ్లీ మొదలు.

ఆ ప్రాక్టీసు పరిమితులు ఎత్తేయమని వాదించే పాత కోచ్‌లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. తలకు తగిలిన దెబ్బలు ఎన్ని ఇళ్లు ముంచాయో అమెరికా కళ్లారా చూసింది. ఆటగాళ్ల సంఘం పోరాడి తెచ్చుకున్న హద్దులవి. అయితే ఆదివారం ఆడే అరిగిన మోకాళ్లకూ, మైదానంలోకే దిగని ఇరవై రెండేళ్ల కుర్రాడికీ ఒకే కొలత ఎందుకు? మొదటి రెండేళ్ల లైన్‌మన్లకు, అందులోనూ ఆ వారం మ్యాచ్ ఆడనివాళ్లకు, డాక్టర్ల కనుసన్నల్లో విడిగా ఓ గంట ప్యాడ్ల సాధన అనుమతించవచ్చు. 2007లో ఎన్ఎఫ్ఎల్ యూరప్ మూతపడ్డాక లీగ్‌కు తనదంటూ ఒక బడి లేదు. వసంతంలో ఆడే చిన్న లీగులు ఉన్నా వాటిలో ఎన్ఎఫ్ఎల్ జట్టు కోచ్ ఉండడు, ఆ జట్టు అడుగులూ ఉండవు.

ఒకే పద్ధతిని ఓపికగా పట్టుకు కూర్చుంటే ఏమవుతుందో డెన్వర్ ఎప్పుడో చూపించింది. 1998లో రన్నింగ్ బ్యాక్ టెరెల్ డేవిస్ 2008 గజాలు పరుగెత్తిన లైన్‌లో సెంటర్ టామ్ నేలెన్ ఏడో రౌండు. గార్డు మార్క్ ష్లెరెత్ పదో రౌండు, డ్రాఫ్ట్ అప్పట్లో 12 రౌండ్లు సాగేది. ట్యాకిల్ టోనీ జోన్స్‌ను ఎవరూ ఎంచుకోనేలేదు. డేవిస్ కూడా ఆరో రౌండే. కోచ్ అలెక్స్ గిబ్స్ తేలికపాటి, చురుకైన మనుషులను తీసుకుని, ఐదుగురూ ఒకే దిశకు కదిలే జోన్ బ్లాకింగ్‌ను ఏళ్ల తరబడి అదే పనిగా నూరిపోశాడు. ఎవరిని వెతకాలో స్కౌట్లకు తెలుసు, ఏం నేర్పాలో కోచ్‌కు తెలుసు.

అయితే ఈ ఓపిక అందరికీ అందుబాటులో ఉండదు. 2024లో రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీ 2005 గజాలు పరుగెత్తిన ఈగల్స్ లైన్‌లో మైలాటా ఒక్కడే ఆఖరి రౌండు వాడు. లేన్ జాన్సన్ మొదటి రౌండు నాలుగో స్థానం, లాండన్ డికర్సన్, కామ్ జర్గెన్స్ రెండో రౌండు, మెకై బెక్టన్ న్యూయార్క్ జెట్స్ మొదటి రౌండులో తీసుకుని వదులుకున్నవాడు. గట్టివాళ్లు నలుగురు ఉన్నప్పుడే అయిదో చోట లేత నారును పెంచుకునే తీరిక దొరుకుతుంది. లైన్ కూలిపోయిన జట్టు ఏడో రౌండు కుర్రాణ్ణి అక్టోబరులోనే మైదానంలోకి నెట్టేస్తుంది. వాడి ఆత్మవిశ్వాసమూ క్వార్టర్‌బ్యాక్ పక్కటెముకలూ ఒకేసారి విరుగుతాయి. అవసరం ఎక్కువున్న జట్లే ఈ పనికి తక్కువ తగినవి. ఇది చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

ఆఖరి రౌండు కుర్రాడు చవక అన్న వాదనా నిలవదు. డ్రాఫ్ట్ ఒప్పందం నాలుగేళ్లది, మూడు సీజన్లు గడిస్తే కొత్త ఒప్పందానికి అడగవచ్చు. మైలాటా మొదటి రెండు సీజన్లలో ఏమీ ఆడలేదు, మూడోది ముగిశాక వచ్చిన సెప్టెంబరులోనే పెద్ద సంతకం పెట్టాడు. ఈగల్స్‌కు మిగిలింది డబ్బు కాదు. అతని విలువ తక్కిన 31 జట్లకన్నా ముందు తెలియడం మిగిలింది.

జట్లు ఖర్చు పెట్టవలసిన చోటు ఇంకోటి ఉంది. ఆటగాళ్ల జీతాల మీద లీగ్ పరిమితి ఉంది, కోచ్‌ల జీతాల మీద లేదు. మంచి లైన్ కోచ్‌ను నిలుపుకోవడానికి యజమాని జేబు తప్ప అడ్డమేమీ లేదు. అయినా హెడ్ కోచ్ మారితే కొత్తాయన తన మనుషులను తెచ్చుకోవడం, లైన్ కోచ్ పెట్టె సర్దుకోవడం ఆనవాయితీ. రెండేళ్లు ఒక తీరున దిద్దిన అడుగులను మూడో ఏడాది కొత్త మాస్టారు తుడిచేస్తాడు. స్టౌట్‌ల్యాండ్ 2013లో చిప్ కెల్లీతో పాటు ఫిలడెల్ఫియా వచ్చాడు. కెల్లీ పోయి 2016లో డగ్ పెడర్సన్ వచ్చినా, పెడర్సన్ పోయి 2021లో నిక్ సిరియాని వచ్చినా ఆయన్ను కదపలేదు. మైలాటా మొదటి మ్యాచ్ ఆడింది పెడర్సన్ హయాంలో, ఎడమ ట్యాకిల్ స్థానం డిల్లార్డ్‌ను దాటి గెలుచుకుంది సిరియాని హయాంలో. రెండుసార్లూ అడుగులు దిద్దినాయన ఒక్కరే.