సర్వర్ పడిపోయింది, దయ్యం లేచింది

ముందే చెప్పేస్తున్నా, నాకు దయ్యాల సీరియళ్ళంటే పిచ్చి. పగలంతా వేరేవాళ్ళు రాసిన కోడ్‌లో దయ్యాలు పట్టే ఉద్యోగం నాది. సాయంత్రం ఇంకొకడు దయ్యాన్ని పడుతుంటే కూర్చుని చూడటంలో ఒక సుఖముంది లెండి.

సూపర్‌నేచురల్ అని ఒక అమెరికన్ సీరియల్. 2005 సెప్టెంబరులో మొదలై 2020 నవంబరులో ముగిసింది. 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. (మన డైలీ సీరియళ్ళ ముందు అదేం లెక్క అంటారా, అదీ నిజమే.) కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే, డీన్, శామ్ అని అన్నదమ్ములు. చిన్నప్పుడే తల్లి ఒక దుష్టశక్తి చేతిలో పోతుంది. తండ్రి పగతో పిల్లలిద్దరినీ వేటగాళ్ళుగా పెంచుతాడు. 1967 మోడల్ ఇంపాలా కారులో, డిక్కీ నిండా ఉప్పు, ఇనుము, తుపాకులు వేసుకుని ఊరూరా తిరుగుతూ దయ్యాల్ని వదిలించడమే వాళ్ళ పని. జీతం లేదు, ఆన్‌సైట్ మాత్రం పర్మనెంట్ :)

దీని అభిమానుల్లో ఎక్కువమంది దేవదూతలు, నరకం, ప్రళయం ఉన్న పెద్ద కథ గొప్పదంటారు. మధ్యమధ్యలో వచ్చే సరదా ఎపిసోడ్లు, అంటే ముందూ వెనకా సంబంధం లేకుండా ఒక్క రోజులో తేలిపోయేవి, వాళ్ళ దృష్టిలో ఫిల్లర్లు. నాకు సరిగ్గా ఉల్టా. ప్రళయం రెండుసార్లు ఆగాక మూడోసారి భయం వేయదు. ఆ పెద్ద కథలో చెడు ఎప్పుడూ బయటినుంచే వస్తుంది, నరకంలోంచో స్వర్గంలోంచో. సరదా ఎపిసోడ్లలో మాత్రం చాలాసార్లు మన పక్కింటి కుర్రాడి నోట్లోంచి వస్తుంది.

మొన్న వీకెండ్‌లో అలాంటిదే ఒకటి మళ్ళీ చూశా. మొదటి సీజన్ 17వ ఎపిసోడ్, 'హెల్ హౌస్', 2006 మార్చిలో వచ్చింది. కథ జరిగేది టెక్సాస్‌లోని రిచర్డ్‌సన్‌లో. అవును, డాలస్ పక్కన టెలికం కంపెనీల కారిడార్ ఉందే, మనవాళ్ళు సగంమంది ఏదో ఒక ప్రాజెక్టు చేసొచ్చారే, ఆ రిచర్డ్‌సనే. (సీరియల్ తీసింది మాత్రం కెనడాలో, వాంకూవర్ చుట్టుపక్కల.)

ఊరి బయట ఒక పాడుబడ్డ ఇల్లు. 1930ల కరువులో తిండి పెట్టలేక ఆరుగురు కూతుళ్ళను చంపి, తనూ ఉరేసుకున్న రైతు అందులో దయ్యమై ఉన్నాడని కథ. అన్నదమ్ములు రికార్డులు తిరగేస్తే అలాంటి రైతే లేడు. ఆ ఇంటిపేరుతో ఉన్నాయనకు ఇద్దరు కొడుకులు, ఆయన ఎవరినీ చంపలేదు. మరి దయ్యం ఎక్కడిది? పని లేని ఇద్దరు కుర్రాళ్ళు ఆ ఇంటి గోడల మీద పుస్తకాల్లోంచీ, పాటల ఆల్బం అట్ట మీదనుంచీ పిచ్చి గుర్తులు గీసి, ఒక కథ అల్లి వదిలారు. దాన్ని ఇంకో ఇద్దరు తమ వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆ గుర్తుల్లో ఒకటి టిబెట్‌ది. వేలమంది కూర్చుని దాన్ని చూస్తూ నమ్మేసరికి లేని దయ్యం నిజంగా లేచింది. సైట్‌లో కథ మారితే దయ్యమూ మారుతుంది. సరదాగా పందెం కాసి ఆ ఇంట్లోకి వెళ్ళిన అమ్మాయి ప్రాణం పోతుంది.

ఇంత జరుగుతున్నా ఎపిసోడ్ నిండా నవ్వులే. నిద్రపోతున్న తమ్ముడి నోట్లో అన్న ప్లాస్టిక్ చెంచా పెట్టి ఫొటో తీస్తాడు. బట్టల్లో దురదపొడి చల్లుతాడు. తమ్ముడు బీరు సీసాకు జిగురు పూసి అన్న చేతికి అంటిస్తాడు. ఇద్దరు అన్నదమ్ములున్న ఏ ఇంట్లోనైనా ఇది మామూలే.

మన వృత్తివాళ్ళకు నచ్చే ముక్క చివర్లో ఉంది. కథను బట్టి దయ్యం మారుతుంది కాబట్టి, దీన్ని తుపాకీతో చంపొచ్చని సైట్‌లో రాయిద్దాం అనుకుంటారు అన్నదమ్ములు. సైట్ కుర్రాళ్ళు రాసేస్తారు. వీళ్ళు ధైర్యంగా వెళ్ళి కాలుస్తారు, దయ్యానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎందుకంటే సర్వర్ క్రాష్ అయింది! అబద్ధం వేలమందికి చేరేదాకా లక్షణంగా నడిచిన సర్వర్ దిద్దుబాటు పెట్టగానే పడిపోయింది. ఇక దారిలేక ఆ ఇంటినే తగలబెట్టేస్తారు. ఇల్లే లేకపోతే దయ్యం ఎక్కడుంటుంది అని.

మొదటిసారి చూసినప్పుడు పడీపడీ నవ్వాను. ఈసారి నవ్వు మధ్యలోనే ఆగింది, మా సంగతి గుర్తొచ్చి.

మాది గోదావరిఖని. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016లో జిల్లాలు ముక్కలయ్యాక పెద్దపల్లి. బాపు సింగరేణిలో చేసేవాడు. అమ్మమ్మ వాళ్ళది గోదావరికి అవతల లక్షెట్టిపేట దగ్గర ఒక ఊరు, అంటే అప్పటి ఆదిలాబాద్ జిల్లా. తొంభైల్లో 'ఓ స్త్రీ రేపు రా' కాలం గుర్తుందా? రాత్రిపూట ఒక ఆడదయ్యం మనకు తెలిసిన గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని పుకారు. విరుగుడు ఏమిటంటే దర్వాజ మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాయడం. దయ్యం అది చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుతుంది. బయటపడే కండిషన్ లేని లూప్! మా పల్లెల్లో ఆడవాళ్ళకు సంతకం వచ్చిందే తక్కువ, దయ్యానికి మాత్రం తెలుగు చదవడం వచ్చు.

ఇది మన ఒక్కరిదే కాదు, బెంగుళూరులో 'నాళె బా' అని రాసుకున్నారు. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ'కి మూలం ఈ నమ్మకమే. దాన్ని రాసిన రాజ్, డీకేలు మన చిత్తూరు జిల్లావాళ్ళే. సినిమాల్లోకి రాకముందు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేశారు. దయ్యాలకూ మన వృత్తికీ ఏదో లంకె ఉంది మరి.

ఆ ఎండాకాలం నేను ఏడు, తమ్ముడు ఐదు అయిపోయి అమ్మమ్మ ఇంటికి వెళ్ళాం. పుకారు ఖని దాకా వచ్చింది కానీ ఆ ఊరికి ఇంకా చేరలేదు. మేమే మోసుకెళ్ళాం. ఒక రాత్రి అందరూ వాకిట్లో పడుకున్నాక, అమ్మమ్మ గద్దెకు పూయడానికి తెచ్చిన జాజు డబ్బాలో కలిపి, పుల్లకు గుడ్డ చుట్టి, వాడలో ప్రతి దర్వాజ మీదా రాసుకుంటూ పోయాం. మొత్తం 17 ఇండ్లు. 16 రాసేసరికి జాజు అయిపోయింది. చివరిది కొసన ఉన్న గుడిసె, ఒక అవ్వ ఒక్కతే ఉండేది. జామకాయలు, సీతాఫలాలు అమ్ముకునేది. సరే, ఒక్కటే కదా అని వదిలేసి వచ్చి పడుకున్నాం. లూప్‌లో చివరి ఎలిమెంట్ మిస్సవడం అనే బగ్ నేను చేసింది అదే మొదటిసారి.

పొద్దున ఊరంతా గోల. అంతవరకూ మేం అనుకున్నట్టే. నోరు నొక్కుకుని నవ్వుకుంటున్నాం. మధ్యాహ్నానికి ఎవరో అడిగారు, "అన్నిండ్లకు ఉన్నది, గా కొసింటామెకు ఎందుకు లేదు?" సాయంత్రానికి జవాబు తయారు. "ఆమెకెందుకు భయం? ఆమెదేనాయె!"

తర్వాత వారంలోనే ఒక పిల్లకు జ్వరం వచ్చింది. ఎండాకాలంలో పిల్లలకు జ్వరం రావడం వింతా? కానీ ఆ పిల్ల అంతకుముందు రోజు అవ్వ దగ్గర కాయ తిన్నదట. ఇంకెవరి బర్రెదో పాలు తగ్గాయట. అవి మేం చెప్పినవి కావు. మా కథకు వేరేవాళ్ళు ఫీచర్లు కలపడం మొదలైంది. అవ్వ దగ్గర కొనడం మానేశారు. బోరింగు దగ్గర ఆమె వస్తే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని జరిగేవాళ్ళు. ఒక రాత్రి తాగొచ్చిన ఒకాయన ఆమె వాకిట్లో నిలబడి ఏమేం తిట్టాడో నేను ఇక్కడ రాయలేను.

తమ్ముడే ముందు తట్టుకోలేకపోయాడు. ఏడ్చుకుంటూ అమ్మమ్మకు చెప్పేశాడు, "మేమే రాసినమే, జాజు అయిపోయింది". అమ్మమ్మ మా ఇద్దరినీ రెక్క పట్టి లాక్కెళ్ళి నలుగురిలో చెప్పించింది. చెప్పాం. వినండి మరి, వచ్చిన జవాబు ఇది: "పోరగాండ్ల నోటితోని ఎట్ల అనిపిస్తుందో సూడుండ్రి!"

మా దిద్దుబాటు కూడా ఆమె చేసిన మంత్రమే అయిపోయింది. ఇరవై రోజుల్లో అవ్వ బిడ్డ భీవండి నుంచి వచ్చి తల్లిని తీసుకుపోయింది.

అవ్వకు ప్రాణం మిగిలింది. మా జిల్లాల పేపర్లు చదివేవాళ్ళకు 'మంత్రాల నెపంతో' అనే మాట ఎంత పాతదో తెలుసు. దాని తర్వాత వచ్చే పదం దాదాపు ఎప్పుడూ 'దాడి' లేదా 'హత్య'. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్‌నగర్‌లో, కుల సంఘం మీటింగు దగ్గర, తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ చంపేశారు. మంత్రాలు చేస్తున్నారని అనుమానం. ఎప్పటిదో కాదు, మనం ఇంట్లోంచి పని చేస్తూ జూమ్ కాల్స్‌లో ఉన్నప్పటిది.

ఇలాంటివి చెబితే మా ఆఫీసులో వెంటనే వచ్చే మాట, "చదువు లేకపోవడం వల్ల". నాకు ఒళ్ళు మండుతుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది కదా. దాన్ని మా టీం గ్రూపులో పెట్టింది ఒక ఆర్కిటెక్టు. పైన 'వచ్చింది వచ్చినట్టు పంపిస్తున్నా' అని నోటు కూడా. బైక్ మీద వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయే ఆ వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బైక్ వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దించేసి, జాగ్రత్త అని బోర్డు చూపిస్తారు. ఎవడో ఆ చివరి ముక్క కత్తిరించాడు. ఆ నెలలో బీబీనగర్ దగ్గరా, హైదరాబాద్ పాతబస్తీలోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. మా ఆర్కిటెక్టుకు చదువు తక్కువా?

జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదుగురికే పరిమితం చేసింది. మంచిదే. కానీ ఆ ప్యాచ్ ఎవరికీ 'ముందు పంపింది అబద్ధం' అని చెప్పదు, వేగం మాత్రం తగ్గిస్తుంది. గద్వాలలో అప్పటి ఎస్పీ రమా రాజేశ్వరి చేసింది ఇంతకంటే నయం. ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును అప్పజెప్పి, ఊళ్ళలో పాటలు పాడించి, వచ్చిన వీడియోను వచ్చినచోటే కూర్చుని అబద్ధమని చెప్పించారు. పుకారు ఏ నోటి నుంచి ఏ చెవికి పోయిందో దిద్దుబాటూ అదే దారిలో పోవాలి. మేము చెప్పినప్పుడు అవ్వ విషయంలో ఎందుకు నమ్మలేదో ఇప్పుడు అర్థమవుతోంది. పుకారు ఇంటింటికీ వెళ్ళింది, మేము మాత్రం ఒకసారి, ఒకచోట, నలుగురికి చెప్పి చేతులు దులుపుకున్నాం.

అన్నట్టు, మా బడికి ఒకసారి జనవిజ్ఞాన వేదిక వాళ్ళు వచ్చి నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎలా వస్తుందో చూపించారు. కత్తికి ముందే మందార పువ్వు రుద్ది ఉంచితే నిమ్మ పులుపు తగిలి ఎరుపు, అంతే. చాలా బావుంది. మర్నాడు మా క్లాసులో సగంమంది ఇంట్లో నిమ్మకాయలు కోసి చెల్లెళ్ళను బెదిరించారు, అది వేరే కథ. ఆ ప్రదర్శనలు కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. కాకపోతే అవి భూతవైద్యుడి గుట్టు విప్పుతాయి. దర్వాజ మీద రాసిన పోరగాళ్ళ గుట్టు మాత్రం వాళ్ళే విప్పుకోవాలి, మొదటి పూటే.

హెల్ హౌస్‌లో కథ అల్లిన కుర్రాడు అన్నదమ్ముల దగ్గర ఏడుస్తాడు, ఊరికే జోక్ అనుకున్నాం అని. పట్టుమని రెండు నిమిషాల సీన్. నవ్వుల మధ్య చాలామందికి గుర్తుండదు. చివర్లో ఇల్లు కాలుస్తారన్నాను కదా, సీరియల్లో కాబట్టి ఖాళీ ఇల్లు. మా దగ్గర ఆ పద్ధతి మొదలుపెట్టే ఇంట్లో మనిషి ఉంటుంది.

తమ్ముడిప్పుడు ప్లానోలో ఉంటాడు, రిచర్డ్‌సన్ పక్కనే. చూడమని చెప్పా. రాత్రి చూసి ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడ అలాంటి ఇల్లేం లేదు, అన్నీ అపార్ట్‌మెంట్లే" అని నవ్వాడు. కాసేపు ఆగి, "గా అవ్వ పేరేందే?" అన్నాడు. నాకూ తెలియదు. అమ్మను అడిగితే, "అందరం కొసింటవ్వ అనే అంటుంటిమి గదరా, గిప్పుడెందుకు?" అంది.

తమ్ముడు ఆ ఊరి పాత ఓటర్ల లిస్టు ఆన్‌లైన్‌లో వెతికాడట. దొరికినవన్నీ ఆమె ఊరొదిలి పోయిన తర్వాతివేనట.