తీర్పు నకలు లేని యోటమి

న్యాయస్థానమున వ్యాజ్యము నోడినవానికి ఒక్క హక్కు మిగిలియుండును. తానేల యోడెనో తెలిసికొనుటయే యా హక్కు. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 20వ ఆర్డరు ననుసరించి, స్మాలుకాజు వ్యాజ్యములు తప్ప తక్కినవాని తీర్పులలో వివాదాంశములు, నిర్ణయములు, వానికి గల కారణములు ఉండి తీరవలయును. ఆ నకలు చేతబట్టుకొనియే మేము అప్పీలు వ్రాయుచున్నాము. ఇంటర్వ్యూలో తిరస్కృతుడైన యువకునికో, జాబితాలో తన పేరు లేకుండుటయే తీర్పు!

యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషనువారి సివిలు సర్వీసు పరీక్షనే చూడుడు. మొత్తము 2025 మార్కులలో 275 ఇంటర్వ్యూకు కేటాయింపబడినవి. ఫలితముల పిమ్మట అభ్యర్థికి తన మార్కులు తెలియును. కాని మార్కు వేరు, కారణము వేరు. తడబడెనా? ప్రశ్న పూర్తిగా వినకయే బదులు పలికెనా? తెలియనిదానిని తెలిసినట్లు నటించెనా? అంకె ఇవేవియు జెప్పదు. ప్రైవేటు కంపెనీలలో ఆ అంకెయు తరచుగా దక్కదు.

మొన్న నాయొద్దకు వచ్చిన యొక పట్టభద్రుడు మూడు ఇంటర్వ్యూలలో తప్పినవాడు. "ఏమడిగిరి? నీవేమంటివి?" అని యడిగితిని. మొదటి రెండును మరచిపోయినాడు. మూడవదానిలో అన్నియు బాగుగనే చెప్పితిననియు, అంతయు సిఫారసుల మహిమయనియు నిట్టూర్చెను. సిఫారసులు లేవని నేననను. కాని ప్రతి యోటమికి అదియే కారణమని నమ్మినవాడు నాల్గవమారును మొదటిమారు వలెనే పోవును. నొసటివ్రాత యని యూరకుండువాని గతియు నంతే.

కావున యువకులకు నా సలహా యిది. ఇంటర్వ్యూ నాటి సాయంకాలమే ప్రశ్నలను, మీ యుత్తరములను ఉన్నవున్నట్లు కాగితముపై పెట్టుడు. నాలుగు దినములు గడచినచో జ్ఞాపకము మన పక్షమునకే సాక్ష్యము పలుకును. కమిషనువారి ప్రకటనయందే పరీక్షింపబడు గుణములు పేర్కొనబడియున్నవి: మనస్సు యొక్క చురుకుదనము, స్పష్టమును తర్కబద్ధమును అగు వివరణ, సమతూకముగల విచక్షణ, నిజాయితీ మొదలగునవి. వానినే వివాదాంశములుగా గైకొని మీపై మీరే తీర్పు వ్రాసికొనుడు. దానిని ముఖస్తుతి యెరుగని పెద్దకు చూపుడు. పఠనమందిరములో నలుగురు గూడి, ఒకరు అడుగగా నొకరు చెప్పుచు, తక్కినవారు తప్పులెన్నుడు. కంపెనీవారికి మర్యాదగా నొక జాబు వ్రాయుడు. పునర్విచారణ కోరవలదు, దిద్దుకొనవలసిన లోపమేదో యడుగుడు. పది జాబులలో ఒక్కదానికి బదులు వచ్చినను లాభమే. వచ్చినదానితో వాదమునకు దిగక, మరుసటి యింటర్వ్యూకు ముందు మరల చదువుకొనుడు.

ఇక ఎంపికచేయు పెద్దలకొక మాట. కారణము చెప్పిన తగవులు పెరుగునని మీ భయము. కట్టలకొలది దావాల నడుమ కూర్చుండి సివిలు జడ్జి కారణములు వ్రాయుచుండగా, రాత్రియంతయు రైలులో ప్రయాణముచేసి వచ్చిన బిడ్డకు రెండు వాక్యములు వ్రాయుట మీకు భారమా? పరాయి దొరతనమున కారణమడుగుట ధిక్కారమనిపించుకొనెను. స్వరాజ్యమున నది పౌరుని సహజమైన కోరిక. దానిని మన్నింపుడు.