పొద్దెక్కి లేచారా? ఏ మాట వాడాలి?



నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు బడికి ఆలస్యంగా వచ్చి, ఇంగ్లీషులో చీటీ రాసి ఇచ్చాడు. అందులో "ఐ స్లెప్ట్ ఇన్" అని ఉంది. నాకు కోపం వచ్చి, వాణ్ణి మధ్యాహ్నందాకా బయట నిలబెట్టాను.

ఎందుకంటే "స్లీప్ ఇన్" అంటే సాధారణంగా కావాలనే పొద్దెక్కేదాకా నిద్రపోవడం. ఆదివారం బడి లేదు గనక హాయిగా నిద్రపోతే ఆ మాట సరిపోతుంది. లేవాలనుకుని కూడా మెలకువ రాకపోతే "ఓవర్‌స్లీప్" అనాలి. మెలకువగా ఉన్నా సరే, వేళ దాటినా పక్క దిగకపోతే "లై ఇన్". రాత్రి చాలాసేపు మేలుకుని ఉండటం "స్టే అప్".

మరొక పొరపాటు కూడా చూడండి. రాత్రి ఆలస్యంగా పడుకున్నామని చెప్పడానికి మనం "స్లెప్ట్ లేట్" అంటాం. ఇంగ్లీషువాళ్ళు పొద్దున ఆలస్యంగా లేచామనుకుంటారు! "వెంట్ టు బెడ్ లేట్" అనండి, చిక్కుండదు.

ఆ సాయంత్రం కుర్రవాడి తండ్రి వచ్చి అసలు సంగతి చెప్పాడు. తమ్ముడికి జ్వరం వస్తే వాడు రాత్రంతా పక్కనే కూర్చున్నాడట. తెల్లవారుజామున కునుకు పట్టి, వేళకు లేవలేకపోయాడట. వాడు "ఓవర్‌స్లెప్ట్" అని రాయవలసింది. నేను "ఏం జరిగింది, నాయనా?" అని అడగవలసింది. మర్నాడు తరగతిలో అందరి ఎదుటా నా తొందరపాటు ఒప్పుకుని, తరవాతే ఈ పాఠం చెప్పాను.

ఇప్పుడు మీరు చెప్పండి: పరీక్షనాడు గడియారం మోగినా మీకు మెలకువ రాలేదు. ఏ మాట వాడతారు?